మొక్కు అంబలి

గంజులో నీళ్ళు మరుగుతున్నాయి. భూదేవి కొంగు నడుముకు దోపి, రాత్రి పులియబెట్టిన తైదపిండిని, అంటే రాగిపిండిని, సన్నటి ధారగా వంచుతూ, కుడిచేత్తో తెడ్డు తిప్పుతోంది. తిప్పడం కాసేపు ఆపితే చాలు, పిండి ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన అంబలి ముసలివాళ్ళ గొంతు దిగదు. పొగ మొహం మీదికే కొడుతున్నా ఆమె పక్కకు తిరగలేదు. ఏడాది పొడుగునా ఆమె కళ్ళు ఎర్రగానే ఉంటాయి. ఏడ్చిందేమోనని కొత్తవాళ్ళు అనుకుంటారు గానీ, ఏడవడానికి ఆమెకు తీరిక ఎక్కడిది?

యాభై దాటిన పొట్టి మనిషి. తెడ్డు తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమ దానికంటే కొంచెం ఎత్తుకు లేచింది. ముంజేతుల నిండా వేడి చుక్కలు చింది కాలిన మచ్చలు. ఎల్లారెడ్డిపేట దగ్గరి పల్లెలో తాళ్ళెక్కి కల్లు గీసే మొండయ్యను చేసుకుంది. మొండయ్య తాటిచెట్టు మీంచి పడి చనిపోయాక, చంకలో పిల్లాడితో సిరిసిల్ల చేరింది. మగ్గాలకు నూలు కండెలు చుట్టి ఆ పిల్లాణ్ణి పెంచింది. ఆ పిల్లాడే దేవేందర్. ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. ఉన్నాడనే ఆమె నమ్మకం. కంపెనీ వదిలి బయటపడ్డాడని ఎవరో చెప్పారు, ఆ తర్వాత ఫోను లేదు.

ఆమె వంట చేసే రేకుల షెడ్డులో ఒకప్పుడు సాంచెలు నడిచేవి. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. ఆర్డర్లు లేక ఆసామి వాటిని పాత ఇనుము కింద అమ్ముకుని, షెడ్డును జలపతి నడిపే సంస్థకు కిరాయికిచ్చాడు. హైదరాబాదులోని ఒక ట్రస్టు ఇచ్చే విరాళంతో ఆ సంస్థ ఇందులో అంబలి కేంద్రం పెట్టింది. సాంచెలు బిగించిన గుంతలు నేల మీద ఇంకా అట్లాగే ఉన్నాయి. వాటిలో కాలు పడకుండా గంజు ఎత్తుకుని నడవడం భూదేవికి అలవాటైపోయింది.

ముందు తలుపుతో వచ్చి తాగేది పిల్లలు, నలుగురైదుగురు ముసలమ్మలు. అంతే. గంజు మాత్రం రోజూ అడుగంటా ఖాళీ అవుతుంది. ఆ కిటుకు భూదేవికే తెలుసు. అది పద్మశాలీల వాడ. ఊరందరి ఒంటికి గుడ్డ ఇచ్చిన కులం మాదని చెప్పుకునే మనుషులు పొట్ట కోసం గిన్నె పట్టుకుని వరుసలో నిలబడతారా? ప్రాణం పోయినా నిలబడరు. అందుకని ఆమే వాళ్ళ దగ్గరికి పోతుంది. కొంగు చాటున టిఫిను పెట్టుకుని వెనక సందులోంచి దూరుతుంది. ఒక ఇంట్లో "ఉప్పు సరిపోయిందో లేదో సూడరాదు" అని చెంబెడు పోసి వస్తుంది. ఇంకో ఇంట్లో "మిగిలింది, పారబోస్తె పాపం తలుగుతది" అంటుంది. ఉప్పు చూడ్డానికి చెంబెడు అంబలి ఎందుకే అని ఎవరూ అడగరు. అడగకపోవడమే ఆ వాడ మర్యాద.

ఇంకా గంజు దించకముందే జలపతి వచ్చాడు. కోరుట్లలో బీడీలు చుట్టిన తల్లి కడుపున పుట్టి, నాలుగు ముక్కలు చదువుకుని, ఈ పని నెత్తికెత్తుకున్నవాడు. స్కూటర్ స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికి వచ్చాడు.

"పెద్దమ్మా, ట్రస్టు మేడం ఇయ్యాల్నే అస్తున్నది. జగిత్యాలల మన బీడీ కేంద్రం సూసుకోని గిటే అస్తదట."

"రానియ్యి కొడుకా. మంచిగ అంబలి పోస్త."

"అంబలి గాదే. ఆమెకు ఈడ ఆకలి కనవడాలె. వాడల దిర్గి ఇల్లిల్లు అడుగుతదట. అవుసరం లేదనిపిచ్చిందనుకో, ఈ నెలాకరుకు మనది బంద్. ఆ పైసలు ఇంకో జిల్లకిస్తరు." జలపతి గొంతు తగ్గించాడు. "అడుగంది అమ్మైనా పెట్టదంటరు గదా. నీ మాట ఇంటరు. ఉన్నదున్నట్టు జెప్పుమను."

భూదేవి తెడ్డు ఆపింది. "గా మాట ఎట్ల జెప్పుమంటవు కొడుకా? నేను జెప్పుమంటె ఆళ్ళు జెప్తరా?"

జలపతి గోడకానించిన స్కూటర్ తీసుకుని వెళ్ళిపోయాడు.  కేంద్రం బందయితే తన కూలి పోతుంది, నిజమే. ఈ వయసులో ఇంకో పని దొరకడం కష్టం, అదీ నిజమే. కానీ ఆమెకు ముందు గుర్తొచ్చింది రాజన్న ఇల్లు. అక్కడ అంబలి ఆగితే ఇంకేమీ లేదు. అడుగున అంటుకుంటున్న వాసన వచ్చి, ఉలిక్కిపడి మళ్ళీ తెడ్డు అందుకుంది.

టిఫిను నింపి, మీద ఒక ఉల్లిగడ్డ పెట్టి, సందులోంచి రాజన్న ఇంటి వెనక తేలింది. రాజన్న ఆమె కంటే కొంచెం చిన్నవాడు. చూస్తే మాత్రం డెబ్భై ఏళ్ళ మనిషిలా ఉంటాడు. మహారాష్ట్రలోని భీమండిలో సాంచెల మీద పని చేసి చేసి, రొమ్ము నిండా నూలు దుమ్ము నింపుకుని పోయినేడు తిరిగొచ్చాడు. గూడుకట్టిన రొమ్ము, సన్నటి మెడ, దగ్గు వస్తే గోడ పట్టుకుని అది తగ్గేదాకా నిలబడతాడు. మళ్ళీ ఆ దుమ్ములోకి పోతే మనిషి దక్కడని కరీంనగర్ డాక్టరు మొహం మీదే చెప్పాడు. పిల్లల్లేరు. భార్య కిష్టవ్వ చుట్టే బీడీలకు ఆకు కూడా సరిగ్గా దొరకడం లేదు. ఒకరోజు కిష్టవ్వ నల్లా దగ్గర బిందె మీదికే ఒరిగిపోతే, మొహం మీద నీళ్ళు కొట్టి లేపింది భూదేవే.

మొదటిసారి అంబలి తెచ్చినప్పుడు రాజన్న కోపం చేయలేదు. నవ్వి, రెండు చేతులతో టిఫిను తిరిగి ఇచ్చాడు. "మాకేం తక్కువక్కా. లేనోళ్ళకియ్యి పుణ్యముంటది" అన్నాడు. ఆ మర్నాడు భూదేవి తలస్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని వచ్చింది.

"ఎములాడ రాజన్నకు మొక్కిన తమ్మీ. మా దేవేందర్ ఇల్లు జేరేదాక దినాం ఒక్కింటికి అంబలి పోస్తనని. ఆ దేవుని పేరు పెట్టుకున్నోనివి నువ్వు. నువ్వు కాదంటె నా కొడుక్కు ముప్పు" అంది.

వేములవాడ రాజన్న మొక్కును ఎవరు కాదంటారు? రాజన్న టిఫిను కళ్ళకద్దుకున్నాడు. ఆనాటి నుంచి రోజూ చన్నీళ్ళు పోసుకుని, తడి పంచెతోనే తూర్పు దిక్కు కూర్చుని ఆ అంబలి తాగుతాడు. దేవేందర్ క్షేమంగా రావాలని పైకే అనుకుంటాడు. కిష్టవ్వకు మాత్రం మొదటిరోజే తెలిసిపోయింది. వాడ మధ్యలో కేంద్రం పెట్టుకుని ఇంటింటికీ అదే తైదంబలి వస్తుంటే ఆడమనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిసినా ఆమె, టిఫిను అందుకునేటప్పుడు భూదేవి చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కుతుంది. అంతే.

ఈ విద్య భూదేవి కనిపెట్టింది కాదు. మొండయ్య పోయిన ఏడు, పాలింకిపోయి పిల్లాడు ఏడుస్తుంటే, పక్కింటి సాయమ్మ రోజూ సద్ది పట్టుకుని వచ్చేది. పోచమ్మ మొక్కు అనేది. పోచమ్మకు రోజూ మొక్కేమిటో భూదేవి అడగలేదు. అడిగితే ఆ ముద్ద గొంతులో అడ్డం పడేదని ఆమెకు తెలుసు. ఇప్పుడు సాయమ్మ లేదు, ఆ అన్నం రుచి మాత్రం ఆమె నాలుక మీద ఇంకా ఉంది.

"దేవేందర్ ఫోన్ జేసిండా అక్కా?" రాజన్న ఈ రోజూ అడిగాడు.

"జేస్తడు తమ్మీ."

"జేస్తడు. దేవుడు ఊకుంటడా?" అంటూ అతను నీళ్ళ తొట్టి వైపు నడిచాడు.

ఎండ బాగా ఎక్కాక మేడం వచ్చింది. నడివయసు మనిషి, ముతక నూలు చీర, కాళ్ళకు దుమ్ము. చెడ్డది కాదు. ఎవరి గడపా చెప్పులతో తొక్కలేదు, ఎవరి మంచం మీదా అడగకుండా కూర్చోలేదు. ప్రతి ఇంటి ముందూ ఆగి, చేతులు జోడించి, ఒకటే అడిగింది, ఈ రోజు తిన్నారా అని.

పాపం, ఆమె అడగకూడనిది అదొక్కటే. ఈ ప్రాంతంలో మనిషి ఎదురైతే ముందు అడిగేది తిన్నవా అనే. దానికి జవాబు కూడా ఒకటే ఉంటుంది, తిన్న. తినలేదని చెప్పడమంటే అడిగినవాళ్ళను పెట్టమని చెయ్యి చాపడమే. నాలుగు రోజుల పస్తులో ఉన్నవాడైనా ముందు తిన్న అనే అంటాడు, తర్వాత మాటల్లో ఎక్కడో అసలు సంగతి చెబుతాడు. మేడం మొదటి మాట దగ్గరే ఆగి, సంతోషపడి, పక్కింటికి పోతోంది.

"తిన్నం మేడం. పప్పు జేసిన" అందొక ఇల్లాలు. ఆ ఇంట్లో పప్పు ఉడికి ఎన్నాళ్ళయిందో భూదేవికి తెలుసు. "మేం తినకేంది" అన్నాడొకాయన మీసం సర్దుకుంటూ. పొద్దున్నే ముందు తలుపుతో వచ్చి రెండు చెంబులు తాగి పోయిన మొగిలవ్వ సైతం, బోసినోటితో నవ్వి, "నాకేంది బిడ్డా, మస్తు తిన్న. నువ్వు తిన్నవా?" అని మేడం గడ్డం పట్టుకుంది. జలపతి మొహం ఇల్లు ఇల్లుకూ నల్లబడుతోంది. వెనక నడుస్తున్న భూదేవికి అందరినీ నిలదీసి కడిగేయాలనిపించింది. మళ్ళీ ఆమెకే వాళ్ళమీద జాలేసి ఏడుపొచ్చింది.

మొగిలవ్వ పక్క ఇల్లే రాజన్నది. మేడం రావడం చూసి అతను దగ్గు ఆపుకుంటూ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ బయట వేశాడు. తువ్వాలతో దులిపాడు. చాయ్ కోసం కిష్టవ్వను మొగిలవ్వ ఇంటికి పంపాడు. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపే ఇల్లు కాదది.

"ఈ రోజు ఏమైనా తిన్నారా అన్నా?" అంది మేడం.

"తిన్నం మేడం. మీరు తిన్నరా? ఎండల వడి అచ్చిన్రు."

మేడం నవ్వింది. కాసేపు కూర్చుని, జలపతి వైపు తిరిగి నెమ్మదిగా అంది. "ఇది మంచి విషయమే కదా జలపతిగారూ. ఇక్కడ మనం భయపడినంత దారుణంగా లేదు. ఇంతకంటే అవసరమైన చోట్లు ఉన్నాయి. ఈ డబ్బు అక్కడికి వెళ్ళడమే న్యాయం."

జలపతి తల దించుకున్నాడు. భూదేవి రాజన్న వైపు చూసింది. నెలాకరు. ఆ తర్వాత ఈ వాకిట్లోకి టిఫిను రాదు. రాజన్న చన్నీళ్ళు పోసుకుని ఉత్త నేల మీద కూర్చుంటాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. తన కడుపు చించుకోవడానికి ఆమెకు భయం లేదు. ఇప్పుడు చించాల్సింది రాజన్న కడుపు, అదీ పదిమంది ముందు. సాయమ్మయితే చచ్చినా ఈ పని చేసేది కాదు. కానీ సాయమ్మ పెట్టింది సొంత కుండలోది, దాన్ని ఎవరూ వచ్చి బంద్ చేయలేదు.

"తినలేదు మేడం."

తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. అందరూ తిరిగి చూశారు.

"ఈ ఇంట్ల పొయ్యి ముట్టక ఎన్నొద్దులైందో. నేను పోసే అంబలే ఈళ్ళ తిండి. మొక్కని అబద్ధమాడి పోస్తున్న. మొక్కు లేదు, ఏం లేదు. ఆ పిండి మీదే. ఈ వాడ సగం గట్లనే తాగుతున్నది, సందులకెళ్ళి తెచ్చి నేనే పోస్తున్న. తిన్నరా అంటె తిన్నమనే అంటరు, సచ్చేదాక గట్లనే అంటరు. గది బంద్ జేస్తె ఈళ్ళు బతుకరు మేడం, మీ కాళ్ళు మొక్కుత."

నిజంగానే ఆమె వంగి కాళ్ళు పట్టుకోబోయింది. మేడం గబుక్కున లేచి ఆమె భుజాలు పట్టుకుంది. మేడం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను క్షమించండి అని ఎవరిని చూసి అందో గానీ, అంది.

రాజన్న మొహం మీద ఇందాకటి నవ్వు అట్లాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. చాయ్ గ్లాసులు పట్టుకుని కిష్టవ్వ వాకిట్లో నిలబడిపోయింది. అతను భార్య వైపు చూశాడు.

"నీకెర్కేనా?"

కిష్టవ్వ చాయ్ వైపే చూస్తూ ఉంది. అది చాలు అతనికి. లేచి వెళ్ళి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని, తనే మేడం చేతికిచ్చాడు. "సల్లారుతది, తాగున్రి" అన్నాడు. మేడం తాగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు అందుకున్నాడు. లోపలికి పోతూ భూదేవి దగ్గర ఆగాడు. అతని గొంతులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. కోపం లేదు.

"కొడుకు పేరు మీద ఆడినవా అక్కా? దేవేందర్ పేరు మీద?"

 తలుపు దగ్గరగా వేసుకున్న చప్పుడైంది.

మధ్యాహ్నమంతా ఆమె గంజు తోముతూ కూర్చుంది. అడుగున మాడిన పొర ఎంత గీకినా వదలలేదు. దేవేందర్ నంబరుకు చేసి చూసింది. ఎప్పటి మాదిరే స్విచ్చాఫ్ అని ఆడగొంతు చెప్పింది. దేవుని పేరు మీద ఆడిన అబద్ధం కొడుకు నెత్తిన పడుతుందేమోనన్న భయం ఇన్నాళ్ళూ ఆమె మనసులో ఒక మూల ముడుచుకుని ఉండేది. ఇప్పుడది లేచి కూర్చుంది. తాను చేసింది తప్పా? తప్పు కాదు. తప్పు కాకపోతే మళ్ళీ మళ్ళీ అదే నంబరు ఎందుకు నొక్కుతోంది?

జలపతి పరుగున వచ్చాడు. మనిషి మొహం వెలిగిపోతోంది.

"పెద్దమ్మా, నిలవడ్డది! ఇంకో ఏడాది పక్కా అన్నది మేడం. పిండి ఎక్కువిస్తరట, పప్పు గూడ ఇస్తరట. నువ్వు నోరు తెరిసినందుకే." ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

"అయితె రాజన్నకు దినాం అంబలి ఉంటదన్నట్టేనా?"

"ఎందుకుండది? ఎవ్వలకు సాటుగ పొయ్యాల్సిన పని గూడ లేదిగ."

భూదేవికి కొంచెం ఊపిరి ఆడింది. సాయంత్రం కొత్తగా అంబలి కాచింది. ఈసారి ఉండ ఒక్కటి లేకుండా, ఇంత మజ్జిగ కూడా కలిపి, టిఫిను నింపింది. కాళ్ళ మీద పడదామనుకుంది. తిట్టు తమ్మీ, కొట్టు, తాగు మాత్రం అని చెబుదామనుకుంది. సందులోంచి పోలేదు. నడిబజారులోంచే, అందరూ చూస్తుండగా పోయింది.

రాజన్న ఇంటికి తాళం వేసి ఉంది.

పక్క అరుగు మీద మొగిలవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంది. భూదేవిని చూసి మొహం తిప్పుకుంది గానీ, ఎక్కువసేపు తిప్పుకోలేకపోయింది.

"పోయిన్రు భూదేవీ. మేడం పోంగనే మూట గట్టుకున్నరు. భీమండి బస్సెక్కిన్రు. కోరుట్ల మీదికెళ్ళి పోతదట, ఎప్పుడో ఎల్లింది."

"భీమండా? ఆ దుమ్ముల పడ్డంక ఆ మనిషి బతుకడు గదనే!"

"గట్లనే అన్న. కిష్టవ్వ గూడ ఏడ్సింది. ఇన్నడా? 'ఈడుంటె దినాం సచ్చుడే అవ్వా, ఆడ ఒక్కపారి సస్త' అన్నడు." మొగిలవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్నేం తిట్టలేదే. నా దగ్గర పసుపు అడుక్కపోయిండు. ముడుపు గట్టిండు."

"ఏం ముడుపు?"

"నీ కొడుకు పేరు మీద. 'నా ఇంటి కోసమే గదా అక్క దేవుని మీద అబద్ధమాడింది, గా పాపం పోరనికి తలుగద్దు. ఇగ ఈ మొక్కు నాది' అన్నడు. దేవేందర్ ఇల్లు జేరినంక ఎములాడ తీస్కపోయి దేవునికి ముట్టజెప్పుమన్నడు నిన్ను."

భూదేవి మెట్టు మీద కూలబడింది.  టిఫిను మూత సందులోంచి అంబలి ఆవిరి చేతికి తగులుతోంది. తాగే మనిషి ఈపాటికి ఏ ఊరు దాటి ఉంటాడో. దగ్గు వస్తే పట్టుకోవడానికి బస్సులో గోడ ఉండదు కదా అనుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. మొగిలవ్వ అరుగు దిగి వచ్చి ఆమె వీపు నిమిరింది.

చాలాసేపటికి తలెత్తి చూస్తే, దర్వాజ పైచెక్కకు కొట్టిన మేకుకు, పంచె అంచు చింపి పసుపులో ముంచి, లోపల ఒక రూపాయి బిళ్ళ పెట్టి కట్టిన ముడుపు వేలాడుతోంది. ముడి దగ్గర తడి ఇంకా ఆరలేదు.